పొట్టలోని పెద్ద గొట్టం ఉబ్బితే

తిరువూరు బస్టాండు దగ్గర సైకిలు షాపులో ఎప్పుడైనా కాసేపు నిలబడి చూశారా? పాత టైరుకు పక్క నలిగి, లోపలి దారాలు తెగితే, అక్కడ ట్యూబు చిన్న నిమ్మకాయలా బయటికి పొంగుకొస్తుంది. గాలి కొట్టినకొద్దీ ఆ నిమ్మకాయ పెరుగుతుంది. చిత్రం ఏమిటంటే, మిగతా టైరంతా మామూలుగానే ఉంటుంది. ఉబ్బిన చోటే ఇంకా ఇంకా ఉబ్బుతుంది. పట్టించుకోకపోతే ఒకరోజు ఢామ్మని పేలుతుంది. షాపతనికి దీనికి రెండే ఉపాయాలు తెలుసు. టైరు తీసేసి కొత్తది వెయ్యడం ఒకటి. పాత టైరు నుంచి ఒక ముక్క కోసి, తెగిన చోట ట్యూబుకూ టైరుకూ మధ్య లోపలినుంచి పెట్టడం రెండోది.

మన పొట్టలోనూ ఇలా ఉబ్బే గొట్టం ఒకటి ఉంది. దానికీ వైద్యులు కనిపెట్టినవి సరిగ్గా ఈ రెండు ఉపాయాలే. రెండో ఉపాయం కోసం తయారు చేసిన గొట్టాన్నే స్టెంట్ గ్రాఫ్ట్ అంటారు. ఇందులో చాలా రకాలున్నాయి. ఏ రకం ఎందుకు మంచిది, ఏది ఎక్కడ మొండికేస్తుంది అన్నదే ఈ నెల మన సంగతి.

బొటనవేలంత నది

గుండె ఎడమ గది నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం పేరు బృహద్ధమని. అది చేతికర్ర పిడిలా వంగి, వెన్నెముక ముందుగా కిందికి దిగి, పొట్టలోకి వచ్చి, కుడికీ ఎడమకూ మూత్రపిండాలకు చెరొక కొమ్మ ఇచ్చి, బొడ్డు ఎత్తున రెండుగా చీలి కాళ్ళలోకి పోతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువను మీరు చూసే ఉంటారు. పెద్ద కాలువ నుంచి పిల్ల కాలువలు ఎలా చీలుతాయో ఇదీ అంతే. పొట్టలో ఈ ధమని వెడల్పు దాదాపు 2 సెంటీమీటర్లు, అంటే పెద్దవాళ్ళ బొటనవేలంత. పెద్దమనిషి గుండె ఊరికే కూర్చున్నప్పుడే నిమిషానికి సుమారు 5 లీటర్ల రక్తం పంపుతుంది. అందులో తలకూ చేతులకూ పోయింది పోగా మిగిలినదంతా ఇటే రావాలి.

ఎంత జోరుగా వస్తుంది? డాక్టరుగారు రక్తపు పోటు 120 అన్నారంటే, 120 మిల్లీమీటర్ల ఎత్తు పాదరసాన్ని నిలబెట్టగల ఒత్తిడి అని అర్థం. పాదరసం నీటి కంటే 13.6 రెట్లు బరువు. లెక్క వెయ్యండి. నీళ్ళయితే 1 మీటరు 63 సెంటీమీటర్ల ఎత్తు నిలబడతాయి. మీలో చాలామంది పొడుగు కంటే అది ఎక్కువే! ఆ ఒత్తిడి నిమిషానికి 70 సార్లు, రోజుకు లక్ష సార్లు ధమని గోడను తోస్తూ ఉంటుంది.

గోడ ఊరుకుంటుందా? దానిలో రెండు రకాల పోగులున్నాయి. ఎలాస్టిన్ పోగులు రబ్బరులా సాగి మళ్ళీ ముడుచుకుంటాయి. కొల్లాజెన్ పోగులు నులక తాడులా బిగువుగా ఉండి, గోడను మరీ సాగనివ్వవు. వయసు మీదపడినకొద్దీ ఎలాస్టిన్ తరిగిపోతుంది. పొగ తాగేవారిలో ఈ పాడు మరింత తొందరగా జరుగుతుంది. బీడీ అయినా సిగరెట్టు అయినా ధమనికి తేడా లేదు. ఈ జబ్బును తెచ్చిపెట్టే కారణాలలో, మనం ఆపగలిగిన వాటిలో, పొగాకుదే పెద్దపీట. రక్తపు పోటు, 65 దాటిన వయసు, మగవారు కావడం, ఇంట్లో తండ్రికో అన్నకో ఇదే జబ్బు ఉండడం మిగతావి.

2 సెంటీమీటర్ల గొట్టం 3 సెంటీమీటర్లకు చేరితే దానిని ఎన్యూరిజం అంటారు. మనం ‘ధమని ఉబ్బు’ అని చెప్పుకుందాం.

ఉబ్బిన చోటే ఎందుకు ఉబ్బుతుంది?

ఒక పొడుగు బెలూను తెచ్చి ఊదండి. మొదట బుగ్గలు నొప్పి పుట్టేదాకా కదలదు. ఒక్కచోట కాస్త ఉబ్బిందా, ఇక అక్కడే సులువుగా పెరుగుతుంది. లోపలి గాలి ఒత్తిడి అంతటా ఒక్కటే కదా, మరి ఆ చోటుకు ప్రత్యేకత ఏమిటి?

దీనికి జవాబు ఫ్రెంచి గణితవేత్త లాప్లాస్ పేరు మీద ఉన్న సూత్రంలో ఉంది. గొట్టం గోడ మీద పడే లాగుడు, లోపలి ఒత్తిడిని గొట్టపు వ్యాసార్ధంతో గుణిస్తే వస్తుంది. ఒత్తిడి మారకపోయినా, గొట్టం 2 సెంటీమీటర్ల నుంచి 6 సెంటీమీటర్లకు వెడల్పైతే గోడ మీద లాగుడు మూడు రెట్లవుతుంది. పైగా సాగిన గోడ పలచబడుతుంది. బలం తగ్గింది, బరువు పెరిగింది. అందుకే ఈ ఉబ్బు తనంతట తాను తగ్గదు.

ఇంకో చిక్కు ఉంది. ఇది చాలామందిలో నొప్పి పెట్టదు. తాతగారు పొలం పోయి వస్తూనే ఉంటారు, పొట్టలో మాత్రం ఉబ్బు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతూనే ఉంటుంది. పగిలినప్పుడు నడుములోనో పొట్టలోనో భరించలేని నొప్పి, వెంటనే స్పృహ తప్పడం. పగిలినవారిలో 100కి దాదాపు 80 మంది బతకరు. చాలామంది ఆస్పత్రికి చేరకముందే పోతారు. తిరువూరు నుంచి విజయవాడకు బస్సులో సుమారు రెండు గంటలు. అటువంటి వేళ రెండు గంటలంటే చాలా ఎక్కువ.

కనిపెట్టడం మాత్రం సులువు. కడుపులో బిడ్డను చూసే అల్ట్రాసౌండు యంత్రంతోనే ఈ ధమని వెడల్పును కొలవవచ్చు. సూది లేదు, కోత లేదు. ఇంగ్లండులో 65 ఏళ్ళు నిండే మగవారిని ప్రభుత్వమే పిలిచి ఈ పరీక్ష చేస్తుంది. అక్కడ ఆ పథకం 2009లో మొదలైంది. మన దేశంలో అలాంటి జాతీయ పథకం లేదు. వేరే దేనికోసమో స్కానింగు చేస్తుంటే కనబడడమే ఇక్కడ ఎక్కువ.

ఉబ్బు మగవారిలో 5.5 సెంటీమీటర్లు, ఆడవారిలో 5 సెంటీమీటర్లు దాటితే బాగు చేయించమంటారు. అంతకంటే చిన్నదైతే ఊరికే కొలుస్తూ ఉంటారు. ఎందుకంటే చికిత్సలో ఉన్న అపాయం, పగిలే అపాయం కంటే తక్కువైనప్పుడే చికిత్సకు అర్థం.

సెల్లోఫేన్ కాగితం, కుట్టు మిషను

మిఠాయి పొట్లాల మీద తళతళలాడే సెల్లోఫేన్ కాగితం తెలుసుగా? 1948లో న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో రుడాల్ఫ్ నిసెన్ అనే శస్త్రవైద్యుడు ఒక రోగి పొట్ట తెరచి, ఉబ్బిన ధమనికి సెల్లోఫేన్ చుట్టాడు. అది ఒరుసుకుని చుట్టూ గట్టి కండ పెరిగితే గోడకు బలం వస్తుందని ఆయన ఆశ. ఆ రోగి మీకు తెలిసినవాడే, ఆల్బర్ట్ ఐన్‌స్టీన్. ఆ కాగితపు కట్టుతో ఆయన ఆరేళ్ళకు పైగా జీవించాడు. 1955 ఏప్రిల్‌లో ఉబ్బు పగిలింది. అప్పటికి కొత్త శస్త్రచికిత్స వచ్చింది, కాని ఆయన వద్దన్నాడు. ఏప్రిల్ 18న 76వ ఏట ప్రిన్స్‌టన్‌లో కన్నుమూశాడు.

ఆ కొత్త శస్త్రచికిత్స మన సైకిలు షాపు మొదటి ఉపాయమే. 1951లో పారిస్‌లో షార్ల్ డ్యుబో పాడైన ధమని ముక్కను కోసేసి, చనిపోయిన మనిషి నుంచి తీసిన ధమనిని అక్కడ కుట్టాడు. కాని అలాంటి ధమనులు ఎన్నని దొరుకుతాయి? గుడ్డతో చేస్తే పోదా అని అమెరికాలో ఆర్థర్ వూర్హీస్ ఆలోచించాడు. కుక్క గుండెలో ఉండిపోయిన పట్టుదారం చుట్టూ మెత్తటి పొర పెరగడం ఆయన చూశాడు. దారానికి పొర కడితే గుడ్డకూ కట్టాలిగా! 1950లలో హ్యూస్టన్ నగరంలో మైకేల్ డిబేకీ దుకాణానికి వెళ్ళి నైలాను అడిగితే లేదన్నారట. డేక్రాన్ అనే కొత్త గుడ్డ ఉందన్నారు. ఆయన దానినే కొని, చిన్నప్పుడు తల్లి నేర్పిన కుట్టుపనితో, ఇంట్లో భార్య కుట్టు మిషను మీద గొట్టాలు కుట్టాడు. డేక్రాన్ అంటే మరేమిటో కాదు, పాలియెస్టరు. మీ నాన్నగారి చిన్నతనంలో అందరూ మోజుపడిన టెర్లిన్ చొక్కాల గుడ్డ జాతిదే. డిబేకీకే 97వ ఏట ఛాతీలోని బృహద్ధమని గోడ చీలితే, 2006లో ఆయన శిష్యులు డేక్రాన్ గొట్టం వేసి బతికించారు. ఆయన 2008 దాకా ఉన్నాడు.

ఈ పద్ధతి ఇప్పటికీ ఉంది, బాగానే పనిచేస్తుంది. కాని పొట్ట నిలువునా తెరవాలి, ధమనిని కాసేపు బిగించి రక్తాన్ని ఆపాలి. 75 ఏళ్ళ ముసలాయన, గుండె బలహీనం, ఊపిరితిత్తులు పొగచూరిపోయి ఉన్నాయి అనుకోండి. ఆయన అంత తట్టుకోగలడా?

లోపలినుంచి ముక్క పెట్టడం

ఇక రెండో ఉపాయం. తొడ మొదట్లో కొట్టుకునే ధమనిలోంచి సన్నని గొట్టం పైకి పంపి, ఉబ్బిన చోట లోపలే గుడ్డ గొట్టాన్ని తెరిస్తే? రక్తం కొత్త గొట్టంలోంచి పోతుంది, పాత ఉబ్బు మీద ఒత్తిడి పడదు. ఖార్కివ్ నగరంలో నికొలాయ్ వొలొదోస్ 1980లలోనే ఇలాంటి గొట్టాలు తయారు చేసి, 1987లో ఛాతీలోని బృహద్ధమనిలో పెట్టాడు. కాని ఆయన రాసినది రష్యనులో ఉండిపోవడంతో బయటి ప్రపంచానికి చాలాకాలం తెలియలేదు. పొట్టలోని ఉబ్బుకు ఈ చికిత్స మొదట చేసి లోకమంతా తెలిసేలా చేసినవాడు అర్జెంటీనా దేశస్థుడు హువాన్ పరోది. 1990 సెప్టెంబరు 7న బ్యూనస్ ఎయిరిస్‌లో ఆయన డేక్రాన్ గొట్టాన్ని హూలియో పాల్మాజ్ తయారు చేసిన లోహపు జాలీతో బిగించాడు.

ఆ లోహపు జాలీ పేరే స్టెంటు. పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో చార్లెస్ స్టెంట్ అనే దంతవైద్యుడుండేవాడు. పళ్ళ అచ్చు తీసే ముద్ద ఆయన చేశాడు. ఆ పేరే తిరిగి తిరిగి ఇక్కడికొచ్చి చేరిందంటారు. గుండె రక్తనాళాలకు వేసే స్టెంట్ల గురించి మీరు విని ఉంటారు. 1990లలో ఎ.పి.జె. అబ్దుల్ కలాం, హృద్రోగ వైద్యుడు బి. సోమరాజు కలిసి హైదరాబాదులో తయారు చేయించిన చవక స్టెంటుకు కలాం-రాజు స్టెంట్ అని పేరు. కాని అది సుమారు 3 మిల్లీమీటర్ల నాళానికి వేసేది, దానికి గుడ్డ ఉండదు. మనం చెప్పుకుంటున్నది 25, 30 మిల్లీమీటర్ల వెడల్పున తెరుచుకునే గుడ్డ గొట్టం. రెండూ ఒకటని పొరబడకండి.

మీ తోటలో బోరు వేసేటప్పుడు చూశారా? పైనున్న వదులు మట్టి కూలకుండా కేసింగు పైపు దింపుతారు. అది గట్టి రాయిలోకి కాస్త దిగి బిగుసుకోవాలి. బిగుసుకోకపోతే పక్కనుంచి మట్టి జారుతుంది. స్టెంట్ గ్రాఫ్టుకూ అంతే. మూత్రపిండాల కొమ్మలకు కిందుగా, ఉబ్బుకు పైగా కొంత ఆరోగ్యమైన ధమని ఉంటుంది. దానిని మెడ అంటారు. గొట్టం ఆ మెడలో బిగుసుకోవాలి. మెడ కనీసం 10 నుంచి 15 మిల్లీమీటర్ల పొడుగుండాలని, 60 డిగ్రీల కంటే ఎక్కువ వంగి ఉండకూడదని చాలా రకాలకు నియమం. గొట్టాన్ని మెడ కంటే నూటికి 10 నుంచి 20 వంతులు పెద్దదిగా ఎంచుకుంటారు, ఒత్తుకుని నిలవాలి గనుక. మెడ మంచిదైతే దాదాపు ఏ రకమైనా పనిచేస్తుంది. మెడ చెడ్డదైనప్పుడే రకాల మధ్య తేడా బయటపడుతుంది.

గుడ్డ, ఎముక, కొక్కెం

గొట్టానికి గుడ్డ ఏది? రెండు జాతులున్నాయి. కుక్ కంపెనీ జెనిత్, మెడ్‌ట్రానిక్ కంపెనీ ఎండ్యూరెంట్ నేసిన పాలియెస్టరువి. లోహపు స్ప్రింగులను దానికి దారంతో చేత్తో కుడతారు. గోర్ కంపెనీ ఎక్స్‌క్లూడర్‌ది మరో దారి. కుళాయి బిగించేటప్పుడు ప్లంబరు చుట్టే తెల్లటి టెఫ్లాన్ టేపు తెలుసుగా? ఆ పదార్థాన్నే సాగదీస్తే అతి సన్నని రంధ్రాలున్న, గట్టి, జారుడు పొర వస్తుంది. దానిని మెల్లగా సాగదీస్తే తెగిపోతుండేది. 1969లో బాబ్ గోర్ విసుగెత్తి ఒక్కసారిగా గుంజితే అది తెగకుండా ఎన్నో రెట్లు సాగిందట! ఈ పొరను కుట్టనక్కరలేదు, లోహానికి అతికిస్తారు. సూది రంధ్రాల బెడద లేదు. కాని దీనికీ ఒక దెబ్బ తగిలింది. మొదటి ఎక్స్‌క్లూడర్ గొట్టాలలో రక్తకణాలు రాకపోయినా, రక్తంలోని నీరు పొరలోంచి చెమర్చి ఉబ్బులోకి చేరేది. కారడం కనబడదు, ఉబ్బు మాత్రం కొందరిలో పెరుగుతుంది! 2004లో నీరు చెమర్చని పొర ఒకటి కలిపాక ఆ బాధ తగ్గింది.

గుడ్డ నిలబడడానికి ఎముక కావాలి. జెనిత్ మొదటి రకానిది స్టెయిన్‌లెస్ స్టీలు. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో మైకేల్ లారెన్స్-బ్రౌన్, డేవిడ్ హార్ట్‌లీ రూపొందించిన గొట్టం దీనికి పునాది. స్టీలు స్ప్రింగు బలంగా బయటికి తోస్తుంది, ఏళ్ళ తరబడి కదలకుండా నిలిచిందన్న పేరు దీనికుంది. కాని మొండిది, వంపులో తేలిగ్గా ఒదగదు. ఎంఆర్‌ఐ తీస్తే బొమ్మలో తన చుట్టూ నల్లమచ్చ వేస్తుంది. తక్కిన చాలా రకాలలో ఉన్నది నిటినాల్, నికెలూ టైటానియమూ కలిసిన లోహం. అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో విలియం బ్యూలర్ దీనిని కనుగొన్నాడు. 1960ల మొదట్లో ఒక సమావేశంలో ముడతలు పెట్టిన నిటినాల్ రేకును చేతికిచ్చి చూపుతుంటే, పైపు తాగే అధికారి ఒకాయన లైటరుతో దానిని వెచ్చబెట్టాడు. రేకు సాగి తిన్నగా అయిపోయింది! వేడి తగిలితే పాత రూపం గుర్తు తెచ్చుకునే లోహమన్నమాట. (పొగ తాగే అలవాటు ధమనులకు చేసిన ఏకైక మేలు ఇదేనేమో.) చల్లగా ఉన్నప్పుడు నలిపి సన్నని తొడుగులో పెడితే, ఒంట్లో తొడుగు వెనక్కి లాగగానే గొడుగులా విచ్చుకుంటుంది.

ఇక కొక్కెం. రక్తం రోజుకు లక్ష సార్లు కిందికి తోస్తుంటే గొట్టం జారకూడదుగా? జెనిత్, ఎండ్యూరెంట్ గొట్టాలకు గుడ్డ పైన గుడ్డ లేని లోహపు కిరీటం ఉంటుంది. అది మూత్రపిండాల కొమ్మల పైదాకా వెళ్ళి ముళ్ళతో గోడను పట్టుకుంటుంది. తీగల సందుల్లోంచి మూత్రపిండాలకు రక్తం పోతూనే ఉంటుంది. ఎక్స్‌క్లూడర్ ముళ్ళు మూత్రపిండాల కొమ్మలకు కిందనే ఆగిపోతాయి. పైదాకా పోయేది పొట్టి మెడలో గట్టిగా నిలుస్తుంది. కిందనే ఆగేది మూత్రపిండాల జోలికి పోదు. తీగలు అడ్డంగా ఉంటే మూత్రపిండాలకు చేటా కాదా అని వైద్యులు ఇంకా వాదిస్తూనే ఉన్నారు. తేడా ఉన్నా అది చిన్నదే. 

లావు సంగతి కూడా చెప్పాలి. ఈ సరంజామా అంతా తొడ ధమనిలోంచి దూరాలి. పారిస్‌లో పనిముట్లు చేసే షారియేర్ పేర వచ్చిన ‘ఫ్రెంచి’ కొలతలో ఒక ఫ్రెంచి అంటే మిల్లీమీటరులో మూడో వంతు. మొదటి తరం తొడుగులు 24 ఫ్రెంచి, అంటే 8 మిల్లీమీటర్లు, అంతకంటే లావుకూడా ఉండేవి. నేడు 18 ఫ్రెంచి మామూలు. ఇన్‌క్రాఫ్ట్, ఒవేషన్ అనే రకాలను 14 ఫ్రెంచికి, అంటే 5 మిల్లీమీటర్ల లోపుకు తెచ్చారు. సన్నని ధమనులున్న ఆడవారికి ఇది వరమే. కాని గుడ్డను పలచన చేస్తేనే లావు తగ్గుతుంది, పలచనైతే మన్నిక మాటేమిటన్న ప్రశ్న వెంటనే లేస్తుంది. 

గొట్టం రూపం పైజామాలాంటిది. పైన ఒక్కటి, కింద రెండు కాళ్ళు. దానిని ఒక తొడలోంచి పంపితే, ఒక కాలు పొడుగ్గా, రెండోది పొట్టిగా తెరుచుకుంటుంది. రెండో తొడలోంచి తీగ పంపి, కొట్టుకునే రక్తంలో, ఎక్స్‌-రే తెర మీద చూస్తూ, ఆ పొట్టి కాలు నోట్లోకి దూర్చి మిగతా కాలు తొడగాలి. సూదిలో దారం ఎక్కించడం దీని ముందు ఏపాటి! స్కాట్లాండులో తయారైన అనకొండ అనే రకంలో తీగ చివర చిన్న అయస్కాంతం పెట్టారు. ఎండోలాజిక్స్ కంపెనీ ఏఎఫ్ఎక్స్ ఒకే ముక్కగా వచ్చి, ధమని రెండుగా చీలే చోట కాళ్ళు చాపి కూర్చుంటుంది. పైన కొక్కెం మీద వేలాడకుండా కింద గట్టు మీద నిలబడడం తెలివైన ఆలోచనే. అయితే దాని తొలిరోజుల పొర కొందరిలో చిరిగి, ముక్కలు విడిపోయి రక్తం కారింది. తరువాత మందమైన పొరకు మారారు.

తెలివైన ఆలోచనలన్నీ నిలవలేదు. నెలిక్స్ అనే రకంలో గొట్టాల చుట్టూ సంచులుండేవి. వాటిలో ద్రవం నింపితే గట్టిపడి, ఉబ్బు మొత్తాన్ని పూడ్చేస్తుంది. ఖాళీయే లేకపోతే కారేదెక్కడికి అన్నారు. యూరపులో చాలామందికి పెట్టారు. కొన్నేళ్ళకు గొట్టాలు జారడం, ఉబ్బు మళ్ళీ పెరగడం బయటపడింది. 2019లో దానిని యూరపు మార్కెట్టు నుంచి తీసేశారు. పెట్టించుకున్నవారిని దగ్గరగా గమనిస్తూ ఉండాల్సి వచ్చింది. అంతకు ముందు ఎన్క్యూర్ అనే గొట్టం కథ మరీ విచారం. పెట్టే పరికరం ఒంట్లో ఇరుక్కుపోవడం వంటి లోపాలపై 2,628 నివేదికలను ప్రభుత్వానికి ఇవ్వకుండా దాచామని దాని కంపెనీ 2003లో అమెరికా కోర్టులో నేరం ఒప్పుకుంది. అమ్మకానికి ముందు ఈ గొట్టాలను యంత్రంలో పదేళ్ళ నాడికి సమానంగా దాదాపు 40 కోట్ల సార్లు సాగదీసి పరీక్షిస్తారు. యంత్రానికి మాత్రం వంకర మెడ ఉండదు, ముసలితనం రాదు.

కారే దారులు

గొట్టం పెట్టాక కూడా ఉబ్బులోకి రక్తం చేరితే దానిని ఎండోలీక్ అంటారు. మెడ దగ్గర బిగువు చాలక కారితే మొదటి రకం. ముక్కల అతుకు ఊడితేనో గుడ్డ చిరిగితేనో మూడో రకం. ఈ రెండూ ప్రమాదమే, వెంటనే సరిచెయ్యాలి. రెండో రకం తమాషా అయినది. ఉబ్బు గోడలోంచి వెన్ను వైపుకు పోయే సన్నని కొమ్మలుంటాయి. గొట్టం పెట్టాక వాటికి ఇటునుంచి రక్తం ఆగిపోతుంది. అప్పుడు పక్క కొమ్మల రక్తం వాటిలోంచి ఎదురు పారి ఉబ్బులోకి వస్తుంది, కాలువ కట్టేస్తే పక్క చేను నీళ్ళు వెనక్కి మళ్ళినట్టు! ఏ కంపెనీ గొట్టమైనా దీనిని ఆపలేదు. చాలాసార్లు దానంతటదే గడ్డకట్టి ఆగుతుంది. ఉబ్బు పెరిగితేనే చికిత్స.

తిరువూరు తాతగారికి ఏది?

72 ఏళ్ళ తాతగారు ఒకరిని ఊహించుకుందాం. ఉబ్బు 5.8 సెంటీమీటర్లు. ఆయనది ఏ.కొండూరు మండలంలోని ఒక తండా. ఆ మండలంలో మూత్రపిండాల వ్యాధి ఎక్కువన్న సంగతి మీకు తెలుసు. మూత్రపిండాలు మందగించిన మనిషికి స్టెంట్ గ్రాఫ్ట్ అంటే మరో లెక్క మొదలవుతుంది. ఎక్స్‌-రేలో ధమని కనబడాలంటే అయొడిను ఉన్న మందు ఎక్కించాలి. అది మూత్రపిండాలకు భారం. ముందు సీటీ స్కానుకు కొంత, గొట్టం పెట్టేటప్పుడు కొంత, తరువాత పరీక్షలకు మళ్ళీ కొంత. అందుకని మందు అతి తక్కువగా వాడతారు. కొన్ని చోట్ల దాని బదులు కార్బన్ డయాక్సైడు వాయువు పంపి నాళాన్ని చూస్తారు. ఆయన మెడ పొడుగ్గా, తిన్నగా ఉంటే వైద్యుడు మూత్రపిండాల కింద ఆగే రకాన్ని తలచవచ్చు. మెడ 10 మిల్లీమీటర్లే ఉంటే పైదాకా పట్టుకునే రకం మేలనిపిస్తుంది. మెడ బాగా వంకరైతే వంపుకు ఒదిగే కొత్త ఎక్స్‌క్లూడర్ వంటిది. మెడే లేకపోతే మూత్రపిండాల కొమ్మలకు సరిగ్గా ఎదురుగా కిటికీలు కోసిన గొట్టాన్ని ఆయన కొలతలకే చేయించాలి. దానికి వారాలు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. లేదా పొట్ట తెరిచే పాత పద్ధతి. హైదరాబాదు నిమ్స్‌లో రక్తనాళాల శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగమే ఉంది. ఇలాంటి లెక్కలు అక్కడి వైద్యులకు నిత్యకృత్యం. గుండె స్టెంట్ల ధరకు ప్రభుత్వం 2017 ఫిబ్రవరిలో పరిమితి పెట్టింది గాని, అది గుండె నాళాల స్టెంట్లకే. ఈ పెద్ద గొట్టాల ధర విషయంలో తాతగారి కుటుంబం ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

అసలు పొట్ట తెరవడం మేలా, లోపలినుంచి పెట్టడం మేలా? బ్రిటనులో 1999 నుంచి 2004 వరకు వెయ్యిమందికి పైగా రోగులను చీటీలు వేసినట్టు రెండు జట్లుగా చేసి చూశారు. మొదటి 30 రోజులలో పొట్ట తెరిచిన జట్టులో 100కి 4.7 మంది, గొట్టం పెట్టిన జట్టులో 1.7 మంది చనిపోయారు. గొట్టమే గెలిచిందనుకున్నారు. కాని వదలకుండా 15 ఏళ్ళు గమనించి 2016లో లెక్క తేల్చితే, ఎనిమిదేళ్ళు దాటాక పొట్ట తెరిచిన జట్టువారే ఎక్కువగా బతికారు! గొట్టం పెట్టినవారిలో కొందరికి ఏళ్ళు గడిచాక ఉబ్బు పగలడం దీనికి ఒక కారణం. అందులో వాడినవి పాత తరం గొట్టాలు, నిజమే. ఇప్పటివి మెరుగైనవంటే నమ్మవచ్చు, కాని ఇప్పటి వాటికి 15 ఏళ్ళు నిండాలిగా! కంపెనీల గొట్టాలను ఒకదానితో ఒకటి ఇలా చీటీల పద్ధతిలో పోటీ పెట్టిన పరిశోధనలు మాత్రం చాలా తక్కువ. అందువల్ల నా మటుకు నాకు, ‘అన్నిటికంటే మంచి గొట్టం ఏది’ అనే ప్రశ్న కంటే ‘ఈ మెడకు ఏది’ అనే ప్రశ్నే సరైనదనిపిస్తుంది. 

లోపలినుంచి పెట్టించుకున్న మనిషి చాలావరకు రెండు మూడు రోజుల్లో ఇంటికి పోతాడు. అయితే మొదటి నెలలో ఒకసారి, ఏడాదికి ఒకసారి, ఆ తరువాత కూడా బతికినన్నాళ్ళూ ఏటేటా స్కానింగుకు రావాలి. మూత్రపిండాలు బాగాలేనివారికి సీటీ బదులు అల్ట్రాసౌండుతో ఉబ్బు వెడల్పును కొలుస్తారు; వెడల్పు తగ్గుతుంటే గొట్టం పని చేస్తున్నట్టే. ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రివారు ఒక చిన్న కార్డు ఇస్తారు. గొట్టం పేరు, కంపెనీ, కొలతలు, సంఖ్య, పెట్టిన తేదీ అందులో ఉంటాయి. ఎంఆర్‌ఐ తీసే గదిలో మొదట అడిగేది ఆ కార్డే. ఆ రకంలో ఏదైనా లోపం బయటపడి కంపెనీ హెచ్చరిక పంపితే, అది తాతగారి ఒంట్లో ఉన్నదో కాదో తేల్చేదీ అదే. మీ ఇంట్లో అలాంటి కార్డు ఎవరికైనా ఉంటే, రేషను కార్డు పెట్టే చోటే దానినీ పెట్టమనండి.